అరచెయ్యి చెప్పిన మాట

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ థర్మామీటర్ అనేవారు. సొంత పేరు హాజరు పుస్తకంలో ఉండేది. నెలకోసారి సంతకం పెట్టేటప్పుడు ఇది నాదేనా అన్నట్టు ఒక్క క్షణం దాన్ని చూసుకునేది.

లాండ్రీ నేల కింది అంతస్తులో ఉంది. కిటికీలు నెత్తికన్నా ఎత్తున ఉంటాయి. వాటిలోంచి దారినపోయేవాళ్ళ చెప్పులు మాత్రమే కనబడతాయి. ఒక గోడ వెంట ఉతికే యంత్రాలు, ఎదుటి గోడ వెంట పిండే యంత్రాలు, చివర రోలర్. రోలరంటే అడ్డంగా పడుకున్న పెద్ద ఇనప పీపా. లోపల ఆవిరి తిరుగుతుంది, బయట పీపా తిరుగుతుంది. తడి దుప్పటి అంచులు లాగిపట్టి ఇటునుంచి అందిస్తే అటునుంచి కాగితంలా పొడిగా వస్తుంది. అందించడం ఆమె పని. పంతొమ్మిదో ఏట ఆ పీపా ముందు నిలబడింది. యాభై నాలుగు వచ్చినా అక్కడే ఉంది. మధ్యలో పెళ్ళయింది, పదకొండేళ్ళు కాపురం చేసింది, భర్త పోయాడు. పిల్లలు లేరు. పీపా ఒకసారి మారింది.

రోలర్‌కి వేడి చూపించే ముల్లు ఒకటుండేది. అది పాడై ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. బయటికొస్తున్న దుప్పటి మీద ఆమె అరచెయ్యి ఆనించి "కొంచెం తగ్గించు" అనేది, లేకపోతే "ఇంకాస్త రానీ" అనేది. బాయిలర్ మనిషి ఆ మాట ప్రకారం ఆవిరి తిప్పేవాడు. చాలా ఏళ్ళ కిందట కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ ఒకాయన నమ్మకం చాలక కొత్త ముల్లు తెప్పించి పెట్టి చూశాడు. ఆమె చెప్పినదానికీ ముల్లు చూపినదానికీ ఆవగింజంత తేడా లేదు. ఆ పేరు ఆ రోజు వచ్చింది. ఆ ముల్లూ పాడైంది. ఈసారి ఎవరూ తెప్పించలేదు.

మొదటి పదేళ్ళూ చేతులు కాలాయి. వేళ్ళ కొసలు బొబ్బలెక్కేవి, తోలు ఊడేది, కొత్త తోలు వచ్చేది, అదీ కాలేది. తర్వాత కాలడం మానేశాయి. అందరూ దాన్ని చెయ్యి తిరగడం అన్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది. టీ వేళకి పొంగుతున్న గిన్నెను గుడ్డ లేకుండా దించేది. మడతల బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడను అందరూ మడతల పిన్ని అనేవారు. ఆవిడ రోజూ అది చూసి రోజూ ముక్కున వేలేసుకునేది.

"అవి చేతులా, పట్టకార్లా?"

"పట్టకార్లయితే ఈపాటికి అరిగిపోయేవి పిన్నీ."

"ఊళ్ళోవాళ్ళ వేడంతా నువ్వు చూస్తావు. రేపు నీకే జ్వరమొస్తే ఎవరు చూస్తారే?"

"నన్ను పట్టుకుని దులపండి. పాదరసం కిందికి దిగితే బతికున్నట్టు."

ఆ నవ్వులు ఆవిరిలో కలిసిపోయేవి.

వేడి చూడటం ఆమెకు లాండ్రీలో అబ్బిన విద్య కాదు. చిన్నప్పుడు తల్లి తెల్లారకముందే కుట్టుపనికి వెళ్ళిపోయేది. ఆరేళ్ళు చిన్నవాడైన తమ్ముడు బడికి వెళ్ళాలా వద్దా అన్నది ఆమె తేల్చాలి. వాడికి బడంటే ఒళ్ళు మంట. వేడినీళ్ళ గ్లాసు నుదుటికి ఆనించుకుని, ముక్కుతూ మూలుగుతూ వచ్చి ముందు నిలబడేవాడు.

"నుదురొక్కటే కాలితే జ్వరం కాదురా, దొంగజ్వరం. ఏదీ, మెడ చూపించు."

మెడ చల్లగా ఉండేది. వాడు పుస్తకాల సంచి తగిలించుకుని, కాళ్ళీడ్చుకుంటూ పోయేవాడు. వీధి మలుపులో ఆగి "నీ చెయ్యి విరగ!" అని అరిచేవాడు. మెడ నిజంగా కాలిన రోజు మాత్రం ఆమె బడి మానేసి వాడి పక్కన కూర్చునేది.

తమ్ముడు పెద్దవాడై కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనిలో చేరాడు. ఒద్దికైన చేతులు. మాట తక్కువ. పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది. ముప్ఫై దాటాక ఎక్కడ అంటుకుందో ముళ్ళమొక్కల పిచ్చి అంటుకుంది. వంటింటి కిటికీలో, మేడమెట్ల మీద, మంచినీళ్ళ డ్రమ్ము మూత మీద అన్నీ కాక్టస్ కుండీలే. "ఈ ఇంట్లో మనుషులకన్నా ముళ్ళెక్కువ" అనేది మరదలు. "వాటితో కాపురం చేసేవాడికి నా మాటలేం గుచ్చుకుంటాయిలే" అని తనే నవ్వేది.

అన్నింట్లోకీ అతనికి ప్రాణం రెండు మొక్కలు. ఒకే జాతివి. గుండ్రంగా, పిడికిలంత, ఒళ్ళంతా తెల్లటి నూగు. వాటికి ముసలోడు, ముసల్ది అని పేరు పెట్టాడు. ఆ జాతి మొక్క ఒంటరిగా పూస్తుంది, కానీ ఒంటరిగా గింజ కట్టదు. రెండూ ఒకే రోజు పూయాలి. ముసలోడు ఒక వారం పూసేవాడు, వాడిపోయాక ముసల్ది పూసేది. ఏడేళ్ళు అలా జరిగింది. ఎనిమిదో ఏడు ఒక మధ్యాహ్నం రెండూ ఒక్కసారే విచ్చుకున్నాయి. అద్దాల మీద దుమ్ము దులిపే సన్న కుంచెతో ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటించాడు. ఆ రోజు షాపుకి వెళ్ళలేదు. అక్క పనిలో ఉండగా లాండ్రీకి ఫోన్ చేశాడు. "అక్కా, పెళ్ళయిపోయింది" అన్నాడు. ఎవరికని ఆమె కంగారుపడింది. ఆ తర్వాత వారం పాటు తిట్టింది.

ఒకే ఒక్క కాయ కాసింది. నాలుగు నెలలకు పండింది. లోపల ముప్ఫై ఒక్క గింజలు, నల్లగా, ఆవగింజలో నాలుగోవంతు. కడిగి, ఆరబెట్టి, కాగితం పొట్లంలో మడిచి, తేదీ వేశాడు. చలికాలం రాగానే నాటతానన్నాడు. కూతురు పక్కన కూర్చుని చూడాలన్నది తండ్రీకూతుళ్ళ ఒప్పందం.

చలికాలం అతను చూడలేదు.

వానాకాలం మధ్యలో ఒక సాయంత్రం, షాపు నుంచి తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు. మరదలు, పిల్ల ఊరికి వెళ్ళి ఉన్నారు. నాలుగు రోజుల కిందట మడమలో అద్దం పెంకు గుచ్చుకుందనీ తీసేశాననీ చెప్పాడు. కొంచెం కుంటుతున్నాడు. టీ ఇస్తే సగం తాగి పక్కన పెట్టాడు.

"ఒళ్ళంతా అదోలా ఉందక్కా. ఒకసారి చూడు."

ఆమె వంటగది లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

"ఏం లేదు. రాయిలా ఉన్నావు. యాభై దగ్గర పడుతున్నా బడి ఎగ్గొట్టే బుద్ధి పోలేదు."

తమ్ముడు నవ్వాడు. "మెడ చూడవా?"

"నుదురే లేదంటుంటే మెడెందుకురా?"

గొడుగు తీసుకుని లేచాడు. వానగాలికి చుట్టుకున్న మఫ్లర్ సరిగా లేదని ఆమె గుమ్మంలో ఆపి, మెడ చుట్టూ తిప్పి ముడి వేసింది. వేస్తుంటే మణికట్టు అతని మెడకు తగిలింది. అతను మెట్లు దిగిపోయాడు. సగం మెట్ల దగ్గర ఆగి, పాత అలవాటు కొద్దీ, "నీ చెయ్యి విరగ!" అన్నాడు.

మరదలు ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉన్నా" అన్నాడట. రెండు రోజులు పనికి కూడా వెళ్ళాడు. మూడో రోజు తల్లీకూతుళ్ళు ఇంటికొచ్చేసరికి మంచం మీద ఒళ్ళెరగకుండా ఉన్నాడు. కాలు మోకాలి దాకా ఎర్రబడి ఉంది. ఆమె పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్తే, విషం రక్తంలోకి ఎక్కిందన్నారు. రెండు రోజుల ముందు తీసుకొస్తే వేరుగా ఉండేదని డాక్టరు అన్నాడు. అతని కింద పరిచిన దుప్పటి అంచున నీలం గీత ఉంది. ఆ గీతను ఆమె ముప్ఫై అయిదేళ్ళుగా రోలర్‌లోకి అందిస్తోంది. అంచు ఒకచోట మడతపడి ఉంటే సర్దింది. అంతకుమించి చెయ్యడానికి ఏమీ లేకపోయింది.

"దాచాడు వదినా" అంది మరదలు. "జ్వరం దాచుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సొస్తుందని దాచుకున్నాడు. మొండిఘటం."

పిల్ల కూడా అదే మాట పళ్ళు కొరుకుతూ అనేది. ఆమె కూడా ఊఁ కొట్టింది. తను చూసిన సాయంత్రం జ్వరం లేదు కదా. తర్వాత వచ్చి ఉంటుంది.

మూడు వారాల పాటు ఆ ఇంట్లో ఎవరికీ మెట్ల వైపు చూడటానికి మనసు రాలేదు. వాన విడవకుండా పడింది. ముసలోణ్ణీ ముసల్దాన్నీ చూరు కిందికి జరపాలని ఎవరికీ తట్టలేదు. పిల్ల వెళ్ళి పట్టుకునేసరికి రెండూ నానిన సబ్బుల్లా వేళ్ళ మధ్య నలిగిపోయాయి.

మిగిలింది పొట్లం.

మొదటి చలి పడ్డ ఆదివారం పొద్దున్నే మేనకోడలు వచ్చింది. కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. తండ్రిలాగే మాట తక్కువ, ముఖం కూడా అదే. సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. పొట్లం. గాజు మూత ఉన్న ట్రే. జల్లెడ పట్టిన ఇసుక మట్టి. పళ్ళెమంత నల్ల ప్లాస్టిక్ చాప, అది వేడెక్కడానికి కరెంటు తీగ, మూడు మెట్ల స్విచ్చి. చిన్న డబ్బా ఒకటి, దాని ముఖం మీద అంకెలు వెలుగుతాయి, దాన్నుంచి ఒక సన్న తీగ, తీగ చివర బియ్యపుగింజంత ఇనుము. చివరగా తండ్రి నోట్‌బుక్.

"నువ్వే మొలిపించాలత్తా. నాకు భయంగా ఉంది."

"నాకు కొత్తిమీర కూడా మొలవదే."

"వేడి సంగతిలో అక్కని మించినవాళ్ళు లేరని నాన్న అనేవాడు."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని నోట్‌బుక్ తెరిచింది. తమ్ముడి అక్షరాలు గింజల్లాగే చిన్నవి.

'పైనుంచి ఎండ కాదు, కిందినుంచి వెచ్చదనం కావాలి. ముందు పుట్టేది వేరు. అది కిందికి చూస్తుంది. కింద చలిగా ఉంటే కదలదు. ఇంట్లో గాలి ఎంత వేడెక్కినా తడిమట్టి చల్లగానే ఉంటుంది, గాలిని నమ్మకూడదు. చాప మీద ట్రే పెట్టాలి. తీగ కొస మట్టిలో ఉండాలి. ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీలు. మట్టి మీద చెయ్యి పెడితే వేడీ తెలియకూడదు, చల్లనా తెలియకూడదు. నాలుగో రోజు నుంచి పదో రోజు లోపు మొలవాలి. గింజలన్నీ ఒకేసారి నాటకూడదు.'

మట్టి తడిపారు. పిల్ల పట్టకారుతో ఒక్కొక్క గింజనూ తీసి మట్టి పైన పెట్టింది. మట్టి కప్పకూడదట. ఇరవై అయిదు పెట్టాక ఆగి, మిగిలిన ఆరూ పొట్లంలో మడిచి జేబులో పెట్టుకుంది.

"ఇవి నా దగ్గరుంటాయి."

"నా మీద నమ్మకం లేదా?"

"నాన్న రాశాడుగా, అన్నీ ఒకేసారి వద్దని."

అంకెల డబ్బా చేతిలోకి తీసుకుని, "దీన్ని ప్లగ్గుకీ చాపకీ మధ్యలో కలపాలి. తీగ మట్టిలో గుచ్చితే అదే ఆపుతుంది, అదే వెలిగిస్తుంది" అంది.

ఆమెకు నవ్వొచ్చింది. మూడు నెలల్లో మొదటిసారి.

"ముల్లు చెడిపోయిన రోలర్ని ఇన్నేళ్ళు నడిపానే నేను. ఈ బుల్లి డబ్బా నాకు చెప్పాలా? నీ బస్సుకి టైమవుతోంది, నువ్వు పద."

పిల్ల వెళ్ళాక చాపను తిన్నగా ప్లగ్గుకి పెట్టి మొదటి మెట్టు వేసింది. గంటకు గాజు మూత తీసి మట్టి మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. రెండో మెట్టు వేసింది. ఇంకో గంటకు చూసింది. చల్లగానే ఉంది. మూడో మెట్టు వేసి, వేడి కిందికి పోకుండా చాప అడుగున పాత ఉన్ని శాలువా నాలుగు మడతలు వేసింది. సాయంత్రానికి చెయ్యి పెడితే వేడీ తెలియలేదు, చల్లనా తెలియలేదు.

"ఇదిగో" అంది తమ్ముడితో అన్నట్టు.

ఆ పది రోజులూ ఆమె బతుకు ట్రే చుట్టూ తిరిగింది. లాండ్రీ నుంచి రాగానే చెప్పులు విడవకముందే చెయ్యి పెట్టి చూసేది. మట్టి తొందరగా ఆరిపోతోంది. రోజుకు రెండుసార్లు నీళ్ళు చిలకరించింది. గాజు మూత లోపల బొట్లు బొట్లుగా చెమట. పిల్ల రోజూ ఫోన్ చేసేది.

"వచ్చాయా?"

"వస్తాయి."

"ఇవాళ ఎనిమిదో రోజత్తా."

"నాకు లెక్కలొచ్చు. అంత తొందరగా ఉంటే నువ్వొచ్చి పొదుగు."

పన్నెండో రోజు పిల్ల ఆగలేక వచ్చేసింది. వస్తూనే గాజు మూత ఎత్తింది. ముఖానికి ఆవిరి కొట్టింది. వేలు మట్టిలో పెట్టి చటుక్కున లాగేసుకుంది.

"అమ్మా! కాలుతోందత్తా!"

"కాలడమేంటే? చూడు" అని ఆమె అరచెయ్యి మట్టి మీద పరిచి, అలాగే ఉంచింది. "ఏదీ? ఏముంది?"

పిల్ల ఆ చేతి వంక చూసింది. బీరువా మీదున్న అంకెల డబ్బా తీసి కలిపి తీగ కొస మట్టిలో గుచ్చింది. అంకెలు ఒక్కొక్కటే ఎక్కాయి. ముప్ఫై. ముప్ఫై ఎనిమిది. నలభై మూడు. నలభై ఎనిమిది దగ్గర ఆగాయి.

ప్లగ్గు పీకేసింది. పట్టకారుతో ఒక గింజ తీసి గోటి మీద పెట్టి నొక్కింది. అది మెత్తగా నలిగి, గోటి మీద చెమ్మ మిగిలింది. ఇంకోటి తీసింది. అదీ అంతే.

"ఉడికిపోయాయి."

ఆమె చెయ్యి ఇంకా మట్టి మీదే ఉంది. పిల్ల ఆ చెయ్యి పట్టుకుని పైకి తీసి, తిరగేసింది. అరచెయ్యి ఎర్రగా కందింది.

"నీకు తెలియట్లేదా? ఎప్పట్నించత్తా?"

పిల్లే, పెద్దదానిలా, చన్నీళ్ళు తెచ్చి చెయ్యి కడిగింది. "పోనీలే. ఆరున్నాయిగా" అంది. బస్సు వేళకి వెళ్ళిపోయింది.

ఒంటరిగా మిగిలాక ఆమె చాపను మళ్ళీ ప్లగ్గుకి పెట్టింది. గంట ఆగి అరచేత్తో ముట్టుకుంది. వెచ్చగా ఉన్నట్టు, లేనట్టు. వంగి దానికి చెంప ఆనించింది. నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతింది. చెంప చెప్పింది. చెయ్యి చెప్పలేదు.

మళ్ళీ వంగి, ఈసారి మణికట్టు లోపలి వైపు ఆనించింది. చురుక్కుమంది.

అప్పుడు మఫ్లర్ గుర్తొచ్చింది.

కుర్చీలో కూర్చుండిపోయింది. మఫ్లర్ ముడి వేస్తున్నప్పుడు మణికట్టు అతని మెడకు తగిలింది. తగిలి కాలింది. ఒక్క క్షణం, చురుక్కుమని. ఆ మాట అప్పుడే మనసులోకి వచ్చింది కూడా, వీడి మెడ కాలుతోందేమిటని. ఇప్పుడేగా చూశాను, లేదుగా, అనుకుంది. మణికట్టు ఉందంది, అరచెయ్యి లేదంది, ఆమె అరచేతిని నమ్మింది. ఇన్నేళ్ళుగా దాన్నే నమ్మింది మరి.

మర్నాడు లాండ్రీలో, టీ వేళకి, మడతల పిన్నిని పక్కకి పిలిచింది.

"పిన్నీ, రోలర్ నుంచి వచ్చిన గుడ్డ ఒకటి, మామూలుది ఒకటి తీసుకో. నేను కళ్ళు మూసుకుంటా. వేడిది ఏదో చెబుతా."

"ఇదేం ఆటే, ముసలితనంలో?"

"పెట్టు."

రెండు అరచేతుల మీదా రెండు గుడ్డలు పెట్టింది పిన్ని.

"చెప్పు."

"రెండూ ఒకటే."

పిన్ని నవ్వింది. ఆమె కళ్ళు తెరిచిన తీరు చూసి నవ్వు ఆపింది. గుడ్డలు మార్చి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట.

"మరి రోజూ ఎలా చెబుతున్నావే?"

అదే ఆమె రాత్రంతా ఆలోచించింది. వేడెక్కువైతే దుప్పటి బిరుసెక్కుతుంది. కమురు వాసన ముక్కుకి తగులుతుంది. తక్కువైతే చప్పుడు వేరుగా ఉంటుంది. చెవీ ముక్కూ చెప్పినదాన్ని చెయ్యి చెప్పిందనుకుంటూ ఎన్నేళ్ళు గడిపిందో. మనిషి నుదుటికి చప్పుడు లేదు, వాసన లేదు.

"ఎవరితోనూ అనకు" అంది పిన్ని గొంతు తగ్గించి. "పని పోతుంది."

"పోయింది పని కాదు పిన్నీ" అంది ఆమె.

తర్వాతి ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా ఒకటే లెక్క. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం అతను అక్క ఇంటికి వచ్చినట్టే వాళ్ళకు తెలియదు. చెప్తే, ఈ లోకంలో తనను అత్తా అని పిలిచే గొంతు ఒక్కటే ఉంది, అది కూడా ఉండదు. మూడు స్టాపుల ముందే బస్సు దిగి నడిచింది. నడిచినా ఇల్లు వచ్చేసింది.

మరదలు బయటికి వెళ్ళింది. పిల్ల మేడమెట్ల మీద కూర్చుని ఖాళీ కుండీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తోంది. ఆమె రెండు మెట్ల కింద కూర్చుంది.

"ఎప్పట్నించని అడిగావు నువ్వు."

"ఏంటి? ఆఁ, చెయ్యా? డాక్టరుకి చూపించావా?"

"ఎప్పట్నించో నాకు తెలీదు. కానీ ఆ సాయంత్రానికి ముందునుంచే."

"ఏ సాయంత్రం?"

చెప్పింది. గొడుగు, సగం తాగిన టీ, నుదురు. ఒక్కటీ వదలకుండా చెప్పింది. పిల్ల చేతిలో కుండీ అలాగే ఆగిపోయింది.

"నాన్న మీ ఇంటికొచ్చాడా?"

"వచ్చాడు."

"అప్పటికే జ్వరం ఉందా?"

"ఉంది."

పిల్ల చాలాసేపు కుండీ అంచు గోకింది. తర్వాత అంది, "నీకు తెలీదుగా అత్తా. చెయ్యి అలా అయిందని నీకు తెలీదుగా."

ఆ మాట పట్టుకుని ఆగిపోవచ్చు. పిల్ల తనే చెయ్యందిస్తోంది. ఆమె తన చెయ్యి తిప్పి మణికట్టు చూపించింది.

"అరచేతికి తెలీదు. దీనికి తెలిసింది. మఫ్లర్ కడుతుంటే తగిలింది. కాలింది. మెడ చూడవా అని కూడా అడిగాడు. నేను చూడలేదు."

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పిల్ల లేచి నిలబడింది.

"మూడు నెలలుగా నాన్నని తిడుతున్నాం. నేనూ, అమ్మా. దాచాడని."

"దాచలేదు. వచ్చి నన్నడిగాడు. నేను లేదన్నాను."

పిల్ల లోపలికి వెళ్ళింది. తలుపు మెల్లగానే వేసింది. ఆమె కాసేపు అక్కడే కూర్చుని, మిగిలిన కుండీలు పేర్చి, మెట్లు దిగింది.

ఆ తర్వాత ఫోన్ రాలేదు. ఆమె కూడా చెయ్యలేదు. లాండ్రీలో సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి రోలర్‌కి కొత్త ముల్లు తెప్పించమంది. తనని మడతల బల్లకి మార్చమంది. అతను నవ్వబోయి, కారణం విన్నాక కాగితం రాసుకున్నాడు. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత ఆమె మడత పెట్టడం నేర్చుకుంది. మూలకు మూల కలవడం లేదని పిన్ని విసుక్కునేది. "థర్మామీటర్!" అని ఎవరైనా కేకేస్తే ఆమె తలెత్తేది కాదు. పిన్ని వాళ్ళని కసిరేది.

ఇంట్లో టీ గ్లాసును ముందు మణికట్టుకి ఆనించి చూసుకోవడం అలవాటు చేసుకుంది. ట్రేలో మట్టి ఎండి పగుళ్ళిచ్చింది. ఆ మట్టిని పారబొయ్యలేదు.

తమ్ముడి ఇంటికి వెళ్ళొచ్చిన పంతొమ్మిదో రోజు, లాండ్రీ నుంచి వచ్చేసరికి పిల్ల గుమ్మం ముందు నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"చాప ఇస్తావా?"

ఆమె చాప తుడిచి, చుట్టి, ట్రే, డబ్బా, తీగ, నోట్‌బుక్ అన్నీ సంచిలో సర్ది తెచ్చింది. సంచి ఒక చేతినుంచి ఇంకో చేతికి మారింది.

"తీగ మట్టిలో ఎంత లోతు?"

"గోరంత చాలు. గింజకి దగ్గరగా. అప్పుడప్పుడు చూస్తుండు, బయటికి జారితే గాలిని చూసి చెబుతుంది. చాప ఆగదు."

"సరే."

పిల్ల మెట్లు దిగింది. సగం మెట్ల దగ్గర ఆగింది. అక్కడ ఆగే మనిషి ఇంకొకడుండేవాడు.

"అమ్మకి చెప్పాను" అంది పిల్ల వెనక్కి తిరక్కుండా. "బాగా ఏడ్చింది. నాన్నని తిట్టడం మానేసింది."

"నన్ను?"

"నిన్నింకా ఏమీ అనలేదు."

వెళ్ళిపోయింది.

చలి ముదిరింది. మడతల బల్ల రోలర్‌కి దూరంగా ఉంటుంది కాబట్టి, ఆ లాండ్రీలో చలికాలమనేది ఒకటుంటుందని ఆమెకు మొదటిసారి తెలిసింది. ఒక రోజు టీ వేళ దాటింది. గోడ ఫోను మోగితే బాయిలర్ మనిషి తీసి, ఆమె వైపు చెయ్యూపాడు.

"అత్తా." పిల్ల గొంతు. "రెండు."

ఆమె గోడకు ఆనుకుంది. "రెండా?"

"ఆరింట్లో రెండు. పొద్దున చూశాను. ఆకుపచ్చగా, బంతుల్లా ఉన్నాయి. ముళ్ళు లేవు."

"తర్వాత వస్తాయి. ముట్టుకోకు."

"ముట్టుకోలేదు."

"డబ్బా ఎంత చూపిస్తోంది?"

"ఇరవై ఆరు."

"మట్టి మీద చెయ్యి పెట్టి చూశావా?"

"చూశా."

"ఎలా ఉంది?"

పిల్ల ఆలోచించింది. "ఏమీ తెలియట్లేదు. వేడీ లేదు, చల్లనా లేదు."

"అదే" అంది ఆమె. "అలాగే ఉండాలి."

పిల్ల ఫోను పెట్టెయ్యలేదు. రోలర్ తిరుగుతోంది. ఎవరో దుప్పటి అందిస్తున్నారు. ఆమె రిసీవర్ని చెవికి గట్టిగా నొక్కుకుని, అటునుంచి వస్తున్న ఊపిరి విన్నది. బల్ల దగ్గరనుంచి పిన్ని పిలిచేదాకా వింటూనే ఉంది.